గిటార్ ప్రధాన రాక్ బృందాలలో అగ్రస్థానం: నిర్ణయ ప్రమాణాల పరిశీలన

వ్యాససంగ్రహం

క్లాసిక్ రాక్ యుగంలో గిటార్‌ను ప్రధానంగా చేసుకొన్న బృందాలలో ఏది అత్యుత్తమమైనదనే చర్చ శ్రోతలలోనూ విమర్శకులలోనూ దశాబ్దాలుగా సాగుతోంది. లెడ్ జెప్లిన్, జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్, క్రీమ్, రోలింగ్ స్టోన్స్, ది హూ, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్, ఏసీ డీసీ వంటి పేర్లు ఈ చర్చలో తరచుగా వినిపిస్తాయి. అయితే పేర్ల మీద జరిగినంత వాదన ప్రమాణాల మీద జరగలేదు. 'గిటార్ ప్రధాన బృందం' అనే మాటకు నిర్దిష్టార్థం ఏమిటి? గొప్ప గిటారిస్టు ఉన్న బృందమూ, గొప్ప గిటార్ ప్రధాన బృందమూ ఒకటేనా? ఈ ప్రశ్నలను ధ్వనిశాస్త్ర, చారిత్రక, సౌందర్య దృక్కోణాల నుండి పరిశీలించి, ఐదు ప్రమాణాలను ప్రతిపాదించి, వాటి వెలుగులో ముఖ్య బృందాలను అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్లాసిక్ రాక్, ఎలక్ట్రిక్ గిటార్, రిఫ్, డిస్టార్షన్, బ్లూస్, ప్రామాణిక జాబితాలు, బ్లాక్ సబ్బాత్, లెడ్ జెప్లిన్.

1. ఉపోద్ఘాతం

కళాకారులను ఒక వరుసలో నిలబెట్టి, వీరు మొదటివారు, వారు రెండవవారు అని నిర్ణయించే ఉత్సాహం అన్ని సంప్రదాయాలలోనూ కనిపిస్తుంది. పెద్దన అల్లికనూ తిమ్మన మృదుత్వాన్నీ ఒకే త్రాసులో తూచడం ఎంత కష్టమో మన సాహిత్య విద్యార్థులకు తెలియనిది కాదు. అయినా ఆ పోలిక వ్యర్థం కాదు. తూచే ప్రయత్నంలోనే త్రాసు ఎటువంటిదో బయటపడుతుంది. రాక్ సంగీత విమర్శకూ ఇదే వర్తిస్తుంది.

ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ప్రపంచవ్యాప్తంగా యువతరాన్ని ప్రభావితం చేసిన సంగీత రూపాలలో రాక్ ఒకటి. దాని కేంద్రవాద్యం ఎలక్ట్రిక్ గిటార్. కనుక ఈ రంగంలో ఎవరిని అగ్రస్థానంలో నిలుపుతామన్నది అభిమానుల ముచ్చట మాత్రమే కాదు. ఏ సంగీతం పాఠ్యాంశమవుతుంది, ఎవరి రచనకు యాజమాన్య హక్కు దక్కుతుంది, ఎవరి పేరు చరిత్రలో నిలుస్తుంది అనే విషయాలు ఈ నిర్ణయాలతో ముడిపడి ఉన్నాయి. అందువల్ల ఈ చర్చను ప్రమాణబద్ధంగా సాగించవలసిన అవసరం ఉంది.

2. పరిభాషా పరిశీలన

2.1 క్లాసిక్ రాక్: 1960వ దశకం మధ్య నుండి 1980వ దశకం తొలినాళ్ల వరకు ప్రధానంగా బ్రిటన్, అమెరికాలలో వెలువడిన రాక్ సంగీతాన్ని ఈ మాట సూచిస్తుంది. ఆ సంగీతాన్ని సృష్టించినవారు తమ కాలంలో దానిని ఈ పేరుతో పిలుచుకోలేదు. 1980వ దశకంలో అమెరికాలోని ఎఫ్ఎమ్ రేడియో కేంద్రాలు పాత ఆల్బమ్‌లలోని పాటలను మళ్లీ మళ్లీ ప్రసారం చేసే పద్ధతిని ఒక ప్రత్యేక విభాగంగా రూపొందించినప్పుడు ఈ పేరు స్థిరపడింది. అంటే ఇది సంగీత లక్షణాన్ని బట్టి కాక, ప్రసార అవసరాన్ని బట్టి ఏర్పడిన వర్గీకరణ. దీని పరిణామం ఒకటి గమనార్హం. ఎడ్డీ హేజల్ గిటార్ వాదనతో 1971లో 'మ్యాగట్ బ్రెయిన్' ఆల్బమ్‌ను వెలువరించిన ఫంకడెలిక్ వంటి నల్లజాతి బృందాలు, గిటార్ ప్రాధాన్యం ఎంత ఉన్నా, ఈ వర్గంలో సాధారణంగా చేరలేదు. చర్చ మొదలవడానికి ముందే కొందరు అభ్యర్థులు జాబితా నుండి తప్పుకొన్నారన్నమాట.

2.2 రిఫ్: పాటకు వెన్నెముకగా నిలిచి, పదేపదే ఆవృత్తమయ్యే చిన్న స్వరసముదాయం రిఫ్. మన పల్లవిలా అది తిరిగి తిరిగి వస్తుంది. కాని పల్లవికి సాహిత్యం ఉంటుంది, రిఫ్‌కు ఉండదు. వాద్యమే దానిని పలుకుతుంది. గాయకుడు పాడేది రిఫ్ మీద కట్టిన మేడ వంటిది.

2.3 గిటార్ ప్రధాన బృందం: బృందంలో గిటార్ ఉండడం వేరు, గిటార్ బృందాన్ని నడిపించడం వేరు. పాట రచన గిటార్ నుండి పుట్టి, లయవాద్యాలూ గానమూ గిటార్‌ను అనుసరించి రూపుదిద్దుకొన్నప్పుడే దానిని గిటార్ ప్రధాన బృందమనడం సముచితం. ఈ నిర్వచనమే తరువాతి పరిశీలనకు ఆధారం.

3. గిటార్ నాయకత్వానికి ధ్వనిశాస్త్ర భూమిక

గిటార్ సహజంగా మెత్తని వాద్యం. మీటిన తీగ ధ్వని త్వరగా క్షీణిస్తుంది. డ్రమ్స్, ఇత్తడి వాద్యాల పక్కన అది వినిపించదు. తీగ కంపనాన్ని అయస్కాంతం, రాగితీగ చుట్టల సాయంతో విద్యుత్ సంకేతంగా మార్చి, యాంప్లిఫయర్ ద్వారా పెంచడంతో ఈ లోపం తీరింది. అయితే రాక్ గిటార్ స్వరూపాన్ని నిర్ణయించింది ధ్వని పెరగడం మాత్రమే కాదు, ధ్వని విరగడం కూడా. యాంప్లిఫయర్‌ను దాని సామర్థ్యానికి మించి పనిచేయించినప్పుడు సంకేతపు శిఖరాలు కత్తిరించబడి, మూలధ్వనిలో లేని కొత్త అనుస్వరాలు పుట్టుకొస్తాయి. దీనినే డిస్టార్షన్ అంటారు. తీగ బలహీనపడుతున్నా ధ్వని నిలకడగా వినిపించడం దీనివల్ల కలిగే రెండవ ప్రయోజనం.

1964లో కింక్స్ బృందం 'యూ రియల్లీ గాట్ మీ' పాట కోసం ఈ విరుగుడు ధ్వనిని మొరటు పద్ధతిలో సాధించింది. డేవ్ డేవీస్ తన చిన్న యాంప్లిఫయర్‌లోని స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు. మరుసటి సంవత్సరం రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్స్ ఇదే ఫలితాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పరికరంతో రాబట్టాడు. దాదాపు అదే కాలంలో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం ది హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ వంటివారి కోరిక మేరకు 100 వాట్ల యాంప్లిఫయర్లను తయారుచేసింది. చీలిన కాగితం నుండి మార్షల్ పెట్టెల గోడ వరకు సాగిన ఈ ప్రయాణం రెండు మూడేళ్లలోనే పూర్తయింది.

డిస్టార్షన్ స్వరరచనను కూడా శాసించింది. రెండు స్వరాలను ఒకేసారి మీటి యాంప్లిఫయర్‌ను విరిచినప్పుడు, వాటి పౌనఃపున్యాల మొత్తాలూ భేదాలూ కొత్త ధ్వనులుగా వినిపిస్తాయి. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3. వాటి భేదం 1, అంటే షడ్జానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉన్న షడ్జం. ఉదాహరణకు గిటార్ అడుగు తీగ పౌనఃపున్యం సుమారు 82 హెర్ట్జ్, దాని పంచమం సుమారు 123 హెర్ట్జ్. వీటి కలయికలో 41 హెర్ట్జ్ మంద్రధ్వని అదనంగా పుడుతుంది. ఎవరూ మీటని స్వరం వినిపించడమే ఈ ధ్వని గాంభీర్యానికి కారణం. దీనికి భిన్నంగా, గిటార్ మెట్ల మీది అంతరగాంధారం శుద్ధమైన 4:5 నిష్పత్తి కంటె సుమారు 14 సెంట్లు హెచ్చుగా ఉంటుంది. పంచమంలోని తేడా 2 సెంట్లు మాత్రమే. అందువల్ల డిస్టార్షన్‌లో గాంధారం కలిసిన కూర్పు బురదనీరులా కలగాపులగమవుతుంది, షడ్జ పంచమాల జంట స్పష్టంగా నిలుస్తుంది. ఈ జంటనే రాక్ వాద్యకారులు పవర్ కార్డ్ అంటారు. గాంధారం లేకపోవడం వల్ల అది మేజర్, మైనర్ భేదాలకు అతీతమై, గాయకుడికీ గిటార్ ఏకవాదనకూ బ్లూస్ స్వరాలను స్వేచ్ఛగా వాడుకొనే అవకాశాన్నిస్తుంది.

4. ర్యాంకుల పట్టికలు చెప్పేదేమిటి?

ఈ చర్చలో తరచుగా ఉదహరించే ఆధారం అమెరికన్ పత్రిక 'రోలింగ్ స్టోన్' ప్రకటించిన గిటారిస్టుల జాబితాలు. 2003, 2011, 2023 జాబితాలు మూడింటిలోనూ ప్రథమస్థానం జిమీ హెండ్రిక్స్‌దే. ఆ తరువాతి స్థానాలు మాత్రం స్థిరంగా లేవు. ఎరిక్ క్లాప్టన్ 2003లో 4వ స్థానంలో, 2011లో 2వ స్థానంలో, 2023లో 35వ స్థానంలో కనిపిస్తాడు. జిమీ పేజ్ 9వ స్థానం నుండి 3వ స్థానానికి వచ్చాడు. 2003 నాటి వందమందిలో మహిళలు ఇద్దరే: జోనీ మిచెల్, జోన్ జెట్. 2023 జాబితాలో జోనీ మిచెల్‌తోపాటు సిస్టర్ రోజెటా థార్ప్ కూడా తొలి పదిమందిలో చేరింది. థార్ప్ 1973లోనే మరణించింది. క్రీమ్ బృందంలో క్లాప్టన్ వాయించిన రికార్డులు 1968 తరువాత మారలేదు. మారినది వినే చెవి, కొలిచే కొలత.

సమకాలీన విమర్శ కూడా నమ్మదగిన కొలమానం కాలేదు. 1969లో లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌నూ, 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌నూ అదే పత్రిక సమీక్షకులు తీసిపారేశారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థలో చేరడానికి తొలి రికార్డు వెలువడి 25 ఏళ్లు గడవాలి. లెడ్ జెప్లిన్‌కు 1995లో, అంటే అర్హత కలిగిన వెంటనే ఆ గౌరవం లభించింది. బ్లాక్ సబ్బాత్ 2006 వరకు, 1968లోనే తొలి రికార్డు వెలువరించిన డీప్ పర్పుల్ 2016 వరకు వేచి ఉండవలసి వచ్చింది. కనుక పట్టికలను తీర్పులుగా కాక, ఆయా కాలాల అభిరుచికి సాక్ష్యాలుగా చదవడం సమంజసం.

ఇంకొక లోపం కూడా ఉంది. ఈ జాబితాలు వ్యక్తులను తూచుతాయి, బృందాలను కాదు. యార్డ్‌బర్డ్స్ బృందంలో క్లాప్టన్, జెఫ్ బెక్, జిమీ పేజ్ ముగ్గురూ వేర్వేరు దశల్లో పనిచేశారు. గొప్ప గిటారిస్టుల సంఖ్యే కొలమానమైతే యార్డ్‌బర్డ్స్‌కు సాటి లేదు. అయినా దానిని అత్యుత్తమ బృందంగా ప్రతిపాదించేవారు అరుదు. వ్యక్తిప్రతిభ, బృందఘనత వేర్వేరు విషయాలనడానికి ఇది చాలిన నిదర్శనం.

5. ప్రతిపాదిత ప్రమాణాలు

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది ఐదు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు.

అ) అనివార్యత: గిటార్‌ను తొలగిస్తే, లేదా దాని పాత్రను మరొక వాద్యానికి అప్పగిస్తే ఆ రచన నిలుస్తుందా?
ఆ) ధ్వని నవ్యత: ఆ బృందం గిటార్‌కు అంతకుముందు లేని కంఠాన్ని ఇచ్చిందా?
ఇ) అన్యోన్యత: తక్కిన వాద్యాలు గిటార్‌తో సంభాషిస్తున్నాయా, కేవలం అనుసరిస్తున్నాయా?
ఈ) విస్తృతి, నిలకడ: ఆ ప్రతిభ ఎన్ని ఆల్బమ్‌లలో, ఎంత వైవిధ్యంతో నిలిచింది?
ఉ) పరంపర: తరువాతి తరాలు దాని నుండి ఒక కొత్త శాఖను నిర్మించుకొన్నాయా?

అమ్మకాలు, వేగం, పెద్దధ్వని అనే మూడింటిని ఉద్దేశపూర్వకంగానే చేర్చలేదు. 1976లో ది హూ బృందం లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో 126 డెసిబెల్ల ధ్వనితో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అది యంత్రసామర్థ్యానికి కొలతే కాని సంగీతానికి కాదు.

6. ప్రధాన బృందాల అంచనా

6.1 రోలింగ్ స్టోన్స్: కీత్ రిచర్డ్స్ 1960వ దశకం చివరినుండి గిటార్ అడుగు తీగను తీసివేసి, మిగిలిన ఐదు తీగలను స–ప–స–గ–ప క్రమంలో శ్రుతి చేసే పద్ధతిని అలవరచుకొన్నాడు. ఆ బృందపు ప్రత్యేక లయకు ఇదే మూలం. రెండు గిటార్లు నాయకానుచర భేదం లేకుండా ఒకదానిలో ఒకటి అల్లుకుపోవడం అన్యోన్యతకు చక్కని ఉదాహరణ. అయితే అనివార్యత దగ్గర చిక్కు వస్తుంది. 'సాటిస్‌ఫాక్షన్' రిఫ్‌ను రిచర్డ్స్ మొదట ఇత్తడి వాద్యాల కోసమే ఊహించాడు. గిటార్ మీద వాయించినది నమూనా మాత్రమేనని భావించాడు. అదే సంవత్సరం ఓటిస్ రెడింగ్ దానిని ఇత్తడి వాద్యాలతో రికార్డు చేశాడు, పాట చక్కగా నిలిచింది. గిటార్ చరిత్రలో ప్రసిద్ధమైన రిఫ్‌లలో ఒకటి గిటార్‌కే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తుంది.

6.2 క్రీమ్, హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్: 1966లో లండన్‌లో ఏర్పడిన ఈ రెండూ ముగ్గురు సభ్యుల బృందాలే. క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ రాక్ వేదిక మీద దీర్ఘమైన మనోధర్మ వాదనకు చోటు కల్పించారు. కాని క్రీమ్ 1968 నవంబరులోనే ముగిసింది. హెండ్రిక్స్ విషయంలో ధ్వని నవ్యత తిరుగులేనిది. స్పీకర్ నుండి వచ్చే ధ్వని తిరిగి తీగను కంపింపజేసే ఫీడ్‌బ్యాక్‌ను, అంతవరకు దోషంగా భావించినదానిని, అతడు నియంత్రిత స్వరంగా మార్చాడు. అయితే ఎక్స్‌పీరియన్స్ బృందపు జీవితం మూడేళ్లకు మించలేదు, వెలువరించిన స్టూడియో ఆల్బమ్‌లు మూడు. మూడవదైన 'ఎలక్ట్రిక్ లేడీలాండ్'లో బేస్ గిటార్‌ను కూడా కొన్ని పాటలకు హెండ్రిక్సే వాయించాడు. 1969 వుడ్‌స్టాక్ ఉత్సవంలో అతని ప్రసిద్ధ ప్రదర్శన నాటికి ఆ బృందం విచ్ఛిన్నమైపోయింది. కనుక హెండ్రిక్స్ అగ్రగణ్యుడైన గిటారిస్టు అనే తీర్పును అంగీకరిస్తూనే, బృందపరంగా అగ్రస్థానం ఇవ్వడానికి సందేహించవలసి ఉంటుంది.

6.3 ది హూ, డీప్ పర్పుల్: ది హూ బృందంలో సాధారణ క్రమం తలకిందులైంది. పీట్ టౌన్‌షెండ్ గిటార్ లయను మోస్తుంటే, జాన్ ఎంట్విసిల్ బేస్ గిటార్ స్వరసంచారాలు చేస్తుంది. 1970 ఫిబ్రవరిలో లీడ్స్ విశ్వవిద్యాలయంలో రికార్డు చేసిన 'లైవ్ ఎట్ లీడ్స్' దీనికి నిదర్శనం. డీప్ పర్పుల్ విషయంలో రిచీ బ్లాక్‌మోర్ గిటార్‌కు జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్ సమవుజ్జీ. లార్డ్ తన ఆర్గన్‌ను గిటార్ కోసం ఉద్దేశించిన మార్షల్ యాంప్లిఫయర్ల ద్వారా వినిపించాడు. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మోంత్రో కాసినో అగ్నిప్రమాదం నేపథ్యంగా పుట్టిన 'స్మోక్ ఆన్ ది వాటర్' రిఫ్ షడ్జం, సాధారణగాంధారం, శుద్ధమధ్యమం, ప్రతిమధ్యమం అనే నాలుగు స్వరస్థానాల చుట్టూనే తిరుగుతుంది. అంత తక్కువ సామగ్రితో అంత గుర్తింపు పొందిన రచన అరుదు. అయినా ఈ బృందానికి రెండు ఇంజన్లున్నాయి, గిటార్ వాటిలో ఒకటి.

6.4 ఆల్మన్ బ్రదర్స్, ఏసీ డీసీ: డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు జంటస్వరాలుగా సాగే పద్ధతికి 1971 నాటి 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' శిఖరం. అదే ఏడాది అక్టోబరులో డ్వేన్ మరణించడంతో ఆ దశ ముగిసింది. ఏసీ డీసీలో సోదరులైన మాల్కమ్ యంగ్ లయగిటార్, ఆంగస్ యంగ్ ప్రధాన గిటార్ అనివార్యత ప్రమాణాన్ని పూర్తిగా తృప్తిపరుస్తాయి. 1980లో గాయకుడు బాన్ స్కాట్ మరణించిన కొద్ది నెలలకే కొత్త గాయకుడితో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వెలువడి ఘనవిజయం సాధించింది. గాయకుడు మారినా బృందస్వభావం మారలేదంటే, నడిపించినది గిటారేనని రుజువవుతుంది. వైవిధ్యం మాత్రం స్వల్పం.

6.5 లెడ్ జెప్లిన్: విస్తృతిలో ఈ బృందానికి సాటి లేదు. బ్లూస్, జానపదం, భారీ రిఫ్‌లు, పశ్చిమాసియా ఛాయలు అన్నీ ఒకే కప్పు కింద చేరాయి. 1975 నాటి 'కశ్మీర్' పాటలో పేజ్ తీగలను స–ప–స–మ–ప–స క్రమంలో శ్రుతి చేశాడు. ఇందులో గిటార్ రిఫ్ మూడేసి మాత్రల చొప్పున నడుస్తుంటే, జాన్ బొనమ్ డ్రమ్స్ నాలుగేసి మాత్రలతో సాగుతాయి. పన్నెండు మాత్రలకొకసారి రెండూ కలుస్తాయి. తిస్ర, చతురశ్ర గణనలు తెలిసిన మన శ్రోతలకు ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది. అయితే ఈ బృందపు ఘనత గిటార్‌ను దాటిపోతుంది. 'బ్లాక్ డాగ్' రిఫ్‌కు మూలం బేస్ వాద్యకారుడు జాన్ పాల్ జోన్స్. 'వెన్ ది లెవీ బ్రేక్స్' ధ్వనికి ప్రాణం హెడ్లీ గ్రేంజ్ భవనపు మెట్ల సందులో ప్రతిధ్వనించిన బొనమ్ డ్రమ్స్. జెప్లిన్ గొప్ప బృందమే, కాని అది నలుగురు నడిపిన బండి.

6.6 బ్లాక్ సబ్బాత్: టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో 17 ఏళ్ల వయసులో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలి కొసలను కోల్పోయాడు. అతడు ఎడమచేతి వాటం వాద్యకారుడు కనుక తీగలను నొక్కవలసింది ఆ చేతితోనే. కరిగించిన ప్లాస్టిక్ సీసాతో వేలితొడుగులు చేసుకొని, పలుచని తీగలు వాడి వాదనను కొనసాగించాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో అనేక పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరాల మేరకు దించడంతో తీగల బిగువు తగ్గి, ధ్వని బరువెక్కింది. 1970 నాటి తొలి ఆల్బమ్ శీర్షిక గీతం షడ్జం నుండి ప్రతిమధ్యమానికి సాగే అంతరం మీద ఆధారపడింది. పంచమం ఇచ్చే విశ్రాంతికి ఒక మెట్టు ముందే ఆగిపోవడం అక్కడి భయానక రసానికి మూలం. ఈ బృందంలో గీజర్ బట్లర్ బేస్ గిటార్ రిఫ్‌ను అంటిపెట్టుకొని నడుస్తుంది. ఆజీ ఆస్‌బర్న్ గానం సైతం అనేకచోట్ల రిఫ్ స్వరాలనే అనుసరిస్తుంది. అంటే పాట మొత్తం గిటార్ నుండి మొలిచిన చెట్టు.

7. రుణం, హక్కు

ఈ బృందాలలో అత్యధికం నల్లజాతి బ్లూస్ కళాకారులకు రుణపడ్డాయి. కనుక ఘనతను నిర్ణయించేటప్పుడు రుణాన్ని ఆమోదించిన తీరును కూడా చూడాలి. లెడ్ జెప్లిన్ 1969లో వెలువరించిన 'హోల్ లొట్టా లవ్' పాటకు, విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యూ నీడ్ లవ్'తో పోలికలున్నాయి. 1985లో డిక్సన్ దావా వేయగా, 1987లో న్యాయస్థానం వెలుపల పరిష్కారం కుదిరి, తరువాత రచయితల పేర్లలో అతని పేరు చేరింది. 'స్టెయిర్‌వే టు హెవెన్' మీద స్పిరిట్ బృందపు పాటకు సంబంధించి నడిచిన దావాలో మాత్రం 2016లో జ్యూరీ, 2020లో అప్పీలు న్యాయస్థానం జెప్లిన్ పక్షాన తీర్పునిచ్చాయి. సంప్రదాయం నుండి గ్రహించడం, వ్యక్తి రచనను పేరు చెప్పకుండా వాడుకోవడం ఒకటి కావని ఈ రెండు వ్యాజ్యాల భిన్న ఫలితాలు తెలుపుతాయి. ఇక్కడ బ్లాక్ సబ్బాత్‌కు కొంత అనుకూలత ఉంది. బ్లూస్‌తో మొదలైన ఆ బృందం త్వరలోనే తనదైన స్వరభాషను ఏర్పరచుకొంది.

8. భారతీయ శ్రోత దృష్టి

1972లో జిమీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయిలో భారతీయ వాద్యకారులతో కలిసి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' పాటలను రికార్డు చేశారు. అవి 2015లో అధికారికంగా వెలువడ్డాయి. ఇది ఒకవైపు ప్రయాణం. మరొకవైపు, పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని వినిపించాడు. జంటతీగలకు బదులు ఒంటితీగలను వాడి, విద్యుత్ సాయంతో నాదపు నిలకడను సాధించి గమకాలను పలికించాడు. మీటిన తీగ ధ్వని త్వరగా క్షీణించడమనే సమస్యనే బర్మింగ్‌హామ్, పాలకొల్లు వాద్యకారులు ఇద్దరూ ఎదుర్కొన్నారు. ఒకరు నాదాన్ని విరిచి నిలిపారు, మరొకరు విరగకుండా నిలిపారు. సాధనం ఒకటే అయినా సంప్రదాయం దాని గమ్యాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

9. చర్చ

ఐదు ప్రమాణాలకు సమాన విలువ ఇస్తే లెడ్ జెప్లిన్ ముందుంటుంది. ధ్వని నవ్యత ఒక్కటే చూస్తే హెండ్రిక్స్‌కు ఎదురులేదు. అయితే ప్రశ్న 'గొప్ప రాక్ బృందం ఏది?' అని కాదు, 'గొప్ప గిటార్ ప్రధాన బృందం ఏది?' అని. ప్రశ్నలోని విశేషణమే అనివార్యతకు ప్రథమస్థానం ఇస్తోంది. ఆ దృష్టితో చూసినప్పుడు బ్లాక్ సబ్బాత్ వాదన బలపడుతుంది. 1970 నుండి 1975 వరకు వెలువడిన ఆరు ఆల్బమ్‌లు నిలకడకు నిదర్శనం. హెవీ మెటల్ అనే శాఖ మొత్తం ఆ రిఫ్‌ల మీదే పునాది వేసుకోవడం పరంపరకు నిదర్శనం.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. వాద్యాలన్నీ గిటార్‌ను అనుసరిస్తే అన్యోన్యత లోపించినట్లు కాదా? బిల్ వార్డ్ డ్రమ్స్ జాజ్ ప్రభావంతో రిఫ్ సందుల్లో చేసే కదలికలు ఈ ఆక్షేపణను కొంతవరకు తొలగిస్తాయి. పూర్తిగా తొలగిస్తాయని చెప్పలేము. అన్యోన్యతలో జెప్లిన్, ది హూ బృందాలు దీనికంటె మిన్న. ఆ మేరకు ఈ వ్యాసం తీర్పు నిర్వచనానికి లోబడిన తీర్పు.

10. ముగింపు

• క్లాసిక్ రాక్ అనే వర్గం రేడియో ప్రసారాల నుండి ఏర్పడింది. కనుక అందులోని అగ్రస్థాన చర్చ మొదటినుండీ కొందరిని మినహాయించి సాగుతోంది.
• డిస్టార్షన్ గిటార్‌కు బలాన్ని మాత్రమే కాక, షడ్జ పంచమాల జంటపై ఆధారపడిన కొత్త స్వరరచనా పద్ధతిని ఇచ్చింది.
• పట్టికల్లోని స్థానాలు మారుతుండడం సంగీతంలోని మార్పును కాక, ప్రమాణాలలోని మార్పును తెలుపుతుంది.
• గొప్ప గిటారిస్టు, గొప్ప బృందం, గొప్ప గిటార్ ప్రధాన బృందం అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటికి ఈ పరిశీలన ఇచ్చే సమాధానాలు వరుసగా హెండ్రిక్స్, లెడ్ జెప్లిన్, బ్లాక్ సబ్బాత్.
• ఘనత నిర్ణయంలో బ్లూస్ రచయితలకు చెల్లవలసిన రుణం కూడా భాగం కావాలి.

ప్రమాణాలను ముందుగా ప్రకటించి చేసిన తీర్పును ఇతరులు పరీక్షించవచ్చు, సవరించవచ్చు, తిరస్కరించనూవచ్చు. ప్రమాణం చెప్పని తీర్పుతో అంగీకరించడమో, విభేదించడమో తప్ప మరేమీ చేయలేము. ఫంకడెలిక్ వంటి బృందాలను ఇవే ఐదు ప్రమాణాలతో పరిశీలిస్తే పై క్రమం ఎలా మారుతుందన్నది తదుపరి పరిశోధనకు అనువైన అంశం.